విమానానికి చెక్కిన కళ్లు

ఆకాశాన్ని డేరాలాగా పరిచినవాడికి స్తోత్రం. గద్దకు రెక్క చాచడం నేర్పినవాడికి, మనిషి వేళ్లలో పనితనం పెట్టినవాడికి స్తోత్రం. ఇచ్చినప్పుడు ఆయన నామానికి మహిమ, తిరిగి తీసుకొన్నప్పుడు కూడా ఆయన నామానికే మహిమ. ఈ రెండో మాట పలకడం మా నాయన నాకు చిన్నప్పుడే నేర్పాడు. దాని అర్థం మాత్రం ఒక రాతి ముందు నిలబడ్డ రోజున కొంచెం తెలిసింది. ఇంకా పూర్తిగా తెలియలేదు. తెలియకపోయినా నా నోట స్తుతి ఆగిపోనందుకు ఆయన కృపను తలుచుకొని ఈ సంగతి మొదలుపెడుతున్నాను.

మాది గురజాలకూ మాచర్లకూ మధ్య ఒక ఊరు. ఊరికి తూర్పున, వాగు దాటాక మా పాలెం. నాయన అక్కడి సంఘానికి ఉపదేశి. వారమంతా పిల్లలకు అక్షరాలు నేర్పేవాడు, ఆదివారం నాపరాళ్లు పరిచిన చిన్న గుడిలో వాక్యం చెప్పేవాడు. ఆయన పుట్టింది అమ్మవారి రాయి ఉన్న ఇంట్లో. ఆ రాతికి వెండి కళ్లు అతికించి ఉండేవట. చిన్నతనమంతా ఆ కళ్లకు భయపడుతూ పెరిగానని, పడుచు వయసులో ప్రభువును నమ్ముకొన్న రోజున ఆ రాయిని తన చేతులతోనే పగలగొట్టి వాగులో కలిపేశానని సాక్ష్యంలో ఎప్పుడూ చెప్పేవాడు. సంఘంలో అందరికీ ఆ మాటలు కంఠతా వచ్చు.

నాకు ఒక్కడే అన్న. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నరసరావుపేటలో హాస్టల్లో ఉండి చదువుకొనేవాడు. అప్పటికి యుద్ధం మొదలైంది. ఒక ఎండాకాలం, ఈపూరు వైపు జొన్న కోసేసిన చేలో చిన్న విమానం ఒకటి దిగిందని తెలిసి హాస్టలు కుర్రవాళ్లు కొందరు బండ్లు మారుకొంటూ వెళ్లి చూశారు. ఇంజనులో ఏదో చెడి దించేశారట. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు అప్పటికే దానికి పసుపు రాసి టెంకాయ కొట్టారు. పాలెం పిల్లలని తెలిసి మనవాళ్లను దగ్గరికి రానివ్వలేదు. అన్న చేను గట్టు మీదనే నిలబడి చూశాడు. సాయంత్రానికి అది మళ్లీ లేచి వెళ్లిపోయింది. ఇంటికి వచ్చాక ఆ సంగతి చెబుతూ, నేల మీద ఉన్నంత సేపూ అది పాత గుడ్డలూ కర్రలూ కలిపి కట్టిన వస్తువులాగానే ఉందని, చక్రాలు నేల విడిచిన ఆ ఒక్క క్షణంలో మాత్రం ముక్కలన్నీ కలిసి ఒక్కటే ప్రాణి అయిపోయిందని అన్నాడు. ఆ మాట అంటుంటే వాడి గొంతు మారిపోయింది. నాయన తల ఎత్తి చూడడం నాకు గుర్తుంది.

చదువు అవగానే అన్న విమానాల దళంలో మెకానిక్కుగా చేరాడు. అమ్మకు ఇష్టం లేదు. తుపాకీ పట్టుకొనే ఉద్యోగం కాదులెమ్మని, రెంచి పట్టుకొనేదని చెప్పి ఒప్పించాడు.

సెలవు మీద ఇంటికి వచ్చింది ఒక్కసారే. మాచర్లలో రైలు దిగి, బొగ్గుతో నడిచే బస్సులో కూర్చుని, ముఖమంతా మసితో వచ్చాడు. మసి కడిగితే పోయింది, గోళ్ల కింద నల్లటి నూనె మాత్రం ఎంత తోమినా పోలేదు. యుద్ధం గురించి అడిగితే మాట దాటేసేవాడు. విమానాల గురించి అడిగితే కంచంలో అన్నం చల్లారిపోయేది.

అక్కడ వాళ్లందరూ ఒకే బల్ల మీద తింటారని, తిన్నంత సేపూ ఏ విమానం అందమైనదని పోట్లాడుకొంటారని చెప్పాడు. ఒకడికి ఒంటి ఇంజను యుద్ధ విమానం అంటే ప్రాణమట, దాని రెక్క మామిడాకులాగా మొదట్లో వెడల్పయి చివరకు వచ్చేసరికి ఒంపుగా సన్నబడుతుందట. ఇంకొకడికి నాలుగు ఇంజన్ల బాంబుల విమానం కావాలి. మా అన్న మాత్రం సామాన్లు మోసే డకోటా విమానం తరఫున వాదించేవాడు. అవతలివాళ్లు దాన్ని గర్భిణీ కోడి అని ఎగతాళి చేసేవాళ్లట.

ఈ మాటలు వినడానికి మా పక్కింటి బాబాయి రోజూ వచ్చి కూర్చునేవాడు. ఆయన సంఘ పెద్ద. పని మాత్రం ఊళ్లో ఒక పెద్ద రైతు దగ్గర ఒంగోలు ఎడ్లను చూసుకోవడం. పశువు అందం గురించి ఆయన చెప్పిందే మా పాలెంలో తీర్పు. ఒక రోజు ఆయన, మాటలతో కాదు గీసి చూపించమన్నాడు. అన్న పొయ్యిలోంచి బొగ్గు తీసుకొని, వెనక వసారా గోడ మీద, తెల్లటి సున్నం మీద గీయడం మొదలుపెట్టాడు. నేల మీద నిలబడ్డ విమానం. ముక్కు పైకి, తోక కిందికి. ఇంటి ముందు కూర్చుని యజమాని వచ్చే దారి చూసే కుక్క తల ఎత్తినట్టు. రెక్క వాలు కుదరక చెరిపి చెరిపి గీశాడు.

బాబాయి దూరం జరిగి, తల ఒక పక్కకు వంచి చూశాడు.

"మూపురం యాడుందిరా దీనికి?"

"రెక్కల మొదట్లో ఇంజన్లున్నయ్ చూడు బాబాయ్. బలమంతా ఆడ ఉంటది."

"కొమ్ముల్లేవే. పొడవదా?"

"పొడవదు. ఇది బియ్యం మోసేది. దెబ్బలు తగిలినోళ్లను తెచ్చేది. పొడిచేవి వేరే ఉన్నయ్."

"అయితే ఇది ఎద్దేరా, ఆంబోతు గాదు. నీకు పని చేసేదే నచ్చింది. మీ అమ్మ పోలిక."

అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. ముక్కు మీద పక్కపక్కన ఉన్న రెండు నల్లటి గళ్లను చూపించి, అవి దాని కళ్లా అని అడిగింది. అద్దాలమ్మా, వాటి వెనకాల నడిపేవాడు కూర్చుంటాడు అని అన్న చెప్పాడు. నాకు కళ్లలాగే ఉన్నయ్ అంది అమ్మ.

అన్న నన్ను గోడ దగ్గరికి పిలిచి బొటనవేలితో విమానం పొట్ట గీత వెంట నెమ్మదిగా నిమిరాడు. ఇందులో తిన్నటి గీత ఒక్కటి కూడా లేదు చూడమన్నాడు. ముక్కు దగ్గర మొదలై ఎప్పుడు లావైందో తెలియకుండా లావై, ఎప్పుడు సన్నబడిందో తెలియకుండా తోకలో కలిసిపోతుంది. కృష్ణలో వాలుగ చేప అలాగే ఉంటుంది, నీళ్లు ఎటు జరిగిపోతే దాని ఒళ్లు అటే తిరిగి ఉంటుంది. దీన్ని గాలే దువ్వినట్టు ఉంటుందన్నాడు. అందం కోసం పెట్టింది ఒక్కటీ లేదని, తీసేస్తే పడిపోయేవే అన్నీ ఉన్నాయని, అందుకే అంత అందమని చెప్పాడు. తలుపు దగ్గర రంగు పోయి తళతళలాడే చోటు ఒకటి ఉంటుందట. ఎక్కేవాళ్లందరి చేతులూ తగిలి తగిలి అలా అయిందట. వాడికి అదంటే ఇంకా ఇష్టం. "ఆ బోల్టు ఎవుడు బిగించాడో అది అడగదే. సరిగ్గా బిగించావా లేదా, అంతే," అన్నాడు. వాడి ముఖంలో కోపం లేదు. చేను గట్టు మీద నిలబడి చూసిన రోజు గుర్తొచ్చింది నాకే.

రెక్క గురించి చెప్పిన మాటను నేను ఎప్పటికీ మరిచిపోలేను. ఒంటి దగ్గర నుంచి ఇంజను దాకా రెక్క సమంగా పోతుంది. ఇంజను దాటాక చాలా కొంచెం, చూడాలనుకొంటేనే కనపడేంత, పైకి లేస్తుంది. ఆరాధన చివర నాయన ఆశీర్వాదం ఇచ్చేటప్పుడు మోచేతుల దాకా సమంగా ఉండి, అక్కడి నుంచి పైకెత్తిన చేతులు గుర్తొస్తాయన్నాడు. నాయన అక్కడే మంచం అల్లుకొంటున్నాడు. యంత్రానికీ నా చేతులకూ పోలికేందిరా అన్నాడు గాని, తల ఎత్తలేదు. నులక ముడి వేస్తున్న ఆయన వేళ్లు మాత్రం కాసేపు కదలలేదు.

ఆ మర్నాడు నాయన వాడిని దగ్గర కూర్చోబెట్టుకొని నెమ్మదిగా చెప్పాడు. మనిషి చేసినదాని మీద అంత మనసు పెట్టుకోవద్దు, మెల్లగా అది లోపల పీట వేసుకొని కూర్చుంటుంది అన్నాడు. అన్న ఎదురు చెప్పలేదు. అరణ్యంలో గుడారం కట్టిన పనివాడికి ఇత్తడి పని, చెక్క పని చేసే తెలివి దేవుడే తన ఆత్మతో ఇచ్చాడని మీరే గదా చెప్పారు అన్నాడు.

"నేను దానికి మొక్కట్లేదు నాయనా. పొద్దున్నే మంచులో వరసగా నిలబడి ఉంటయ్. చూడంగానే దేవుడికి వందనాలు చెప్పాలనిపిస్తది. అంతే."

అట్టయితే మంచిదే అన్నాడు నాయన.

అమ్మకు వాడు నేర్పింది మోత. రెండు ఇంజన్లూ సరిపడి తిరుగుతున్నప్పుడు ఒకటే నాదం వినపడుతుందని, కొంచెం తేడా వస్తే మోత అలలు అలలుగా లేచి పడుతుందని చెప్పాడు. అమ్మకు వెంటనే అర్థమైంది. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు దంచేటప్పుడు పోటు కుదరడం, కుదరకపోవడం లాంటిదే గదా అంది. ఆ తరవాత మా పొలాల మీదుగా ఏ విమానం వెళ్లినా పని ఆపి వినేది. పోటు కుదిరింది, పోటు కుదరలేదు అని చెప్పేది.

అన్న వెళ్లిపోయాడు. మరుసటి వానల్లో దళం నుంచి తంతి వచ్చింది.

తూర్పున కొండల అవతల చిక్కుపడ్డ సైనికులకు విమానంలోంచి బియ్యం మూటలు కిందికి తోసేవారట. తోయడానికి మనుషులు చాలకపోతే మెకానిక్కులను కూడా ఎక్కించుకొనేవారట. ఆ రోజు అన్న ఎక్కాడు. మబ్బులో దారి తప్పింది. విమానమూ దొరకలేదు, అందులోని మనుషులూ దొరకలేదు. ఇదంతా తరవాత ఎప్పటికో తెలిసింది. తంతిలో ఉన్నది రెండు ముక్కలే.

అమ్మ ఏడవలేదు. శవం వచ్చిన ఇంట్లో ఏడుపుకు ఒక చోటు ఉంటుంది. తల దగ్గర కూర్చుంటారు, కాళ్లు పట్టుకొంటారు. మా ఇంట్లో ఆ చోటు లేదు. సంఘం వచ్చి ఆదరణ కూడిక పెట్టింది, పాటలు పాడింది, అమ్మ వెనక వసారాలో ఆ గోడకు ఆనుకొని కూర్చుంది. తరవాత గుడికి రావడం మానేసింది. ఉపదేశి భార్య గుడికి రాకపోతే నలుగురూ నాలుగు మాటలు అంటారు. ఎవరేమన్నా నాయన ఆమెను బలవంతపెట్టలేదు. ఒకసారి నేనే అడిగాను. దేవుడి మీద కోపమా అమ్మా అన్నాను.

"కోపమేం లేదు. మీరంతా ఒక్కసారే పాట ఎత్తుకొంటారు. పైన విమానం పోతే నాకు ఇనపడదు," అంది.

క్రిస్మసు ముందు మేం అందరం ఇళ్లకు సున్నం వేసుకొంటాం. ఆ ఏడు కూడా అమ్మ సున్నం కలిపి ఇల్లంతా వేసింది. వెనక గోడ మీద ఆ బొమ్మ ఉన్నంత మేర వదిలేసింది. చుట్టూ తెల్లగా, మధ్యలో మాసిన పాత గోడ, దాని మీద బొగ్గు విమానం. దూడ తోలు ఎండబెట్టినట్టు ఉందని బాబాయి భార్య అంది. అమ్మ వినిపించుకోలేదు. సున్నం వేయడం అయిపోయాక చేతులు కడుక్కొని వచ్చి నాయన ముందు నిలబడింది. సమాధుల దొడ్లో అన్నకు ఒక రాయి నిలబెట్టించమని అడిగింది.

"అందరి బిడ్డలకూ కాస్త చోటుంది. నా బిడ్డకు యాడుంది? నేను యాడ కూర్చుని ఏడవాలి?"

నాయన వెంటనే ఒప్పుకొన్నాడు. సిలువ చెక్కించి, పేరు రాయిద్దామన్నాడు. సిలువ సరే, దాని కింద విమానం కూడా కావాలి అంది అమ్మ. గోడ మీద ఉన్నది ఉన్నట్టుగా.

ఈ మాట సంఘ పెద్దల ముందుకు వచ్చింది. చెక్కిన ప్రతిమ వద్దని ఆజ్ఞ ఉంది గదా అన్నారు కొందరు. బాబాయి అమ్మను ఒప్పించడానికి ఒక ఉపాయం చెప్పాడు. కింద నిలబడి చూస్తే ఎగిరే విమానం సిలువలాగే ఉంటుంది, కాబట్టి ఒక్క సిలువ చెక్కిస్తే రెండూ అయినట్టే అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

"నా బిడ్డ గీసింది సిలవ గాదయ్యా, విమానం. వాడు ఏది గీస్తే అది చెక్కియ్యండి," అంది అమ్మ.

చివరకు నాయనే తేల్చాడు. సమాధుల మీద పువ్వులు చెక్కిస్తున్నాం, పావురాలు చెక్కిస్తున్నాం, మొక్కడానికి కాదు గదా, గుర్తు కోసమే గదా, అట్టాగే ఇది కూడా అన్నాడు. ఆయన మాట మీద ఇక ఎవరూ మాట్లాడలేదు. తనే దుర్గి వెళ్లి రాయి చెక్కే ముసలాయనకు చెప్పి వచ్చాడు.

గోడను మోసుకుపోలేం గనుక ఆ ముసలాయనే బండి మీద వచ్చాడు. తన నీళ్ల కూజా తనే తెచ్చుకొన్నాడు. మా పాలెంలో నీళ్లు తాగడు. కాని వెనక వసారాలోకి వచ్చి, గోడ ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. చనిపోయినాయన యుద్ధంలోనే పోయాడా అని అడిగాడు. అవునన్నాం. యుద్ధంలో పోయినవాడికి రాయి నిలబెట్టడం మా తాతల నాటి పనే, వీరుడి రాతి మీద ఆయన ఎక్కిన గుర్రాన్ని కూడా చెక్కుతాం అన్నాడు. దారంతో కొలతలు తీసుకొన్నాడు. లేవబోతూ ఆ పొట్ట గీత వెంట బొటనవేలితో నెమ్మదిగా నిమిరాడు, మా అన్న నిమిరినట్టే.

"మంచి గుర్రం," అన్నాడు.

పునరుత్థాన పండుగ తెల్లవారుజామున మా వాళ్లు సమాధుల దగ్గరికి వెళ్లి కొవ్వొత్తులు వెలిగించి పాడతారు. దానికి ముందు రోజుకు రాయి వచ్చేట్టు మాట. ఆ మధ్యాహ్నం బండి తిన్నగా సమాధుల దొడ్డికే వచ్చింది. సంఘమంతా వచ్చారు. అమ్మ వచ్చింది. ముసలాయన గోనెపట్టా విప్పి గడ్డి తీసేశాడు.

నేను అబద్ధం చెప్పకూడదు. అది ఎంతో అందంగా ఉంది. పైన సిలువ. కింద రాతిలోంచి సగం బయటికి వచ్చినట్టు విమానం, ముక్కు ఎత్తి. పొట్ట ఎక్కడ లావైందో ఎక్కడ సన్నబడిందో చెప్పలేం. రెక్క ఇంజను దాటాక చాలా కొంచెం పైకి లేచింది. ఇంజను అంటే ఏమిటో తెలియని చెయ్యి దాన్ని అన్న చెప్పినట్టే చెక్కింది.

ఆ తరవాత ముఖం చూశాం. రెండు అద్దాలు ఉండవలసిన చోట రెండు కళ్లు ఉన్నాయి. రెప్పలు, కనుపాపలు, చివర్లలో సన్నటి ఒంపు. ఆ ముసలాయన జీవితమంతా నందులకూ గుర్రాలకూ దేవతలకూ కళ్లు చెక్కి తెరిచినవాడు. కళ్లు లేని గుర్రం ఆయన లెక్కలో ఇంకా పూర్తి కానిది. ఆ పొద్దున్నే తలకు పోసుకొని, దగ్గర ఎవరూ లేకుండా చూసుకొని, చిట్టచివరి పనిగా వాటిని తెరిచానని తృప్తిగా చెప్పాడు.

అమ్మ ముందుకు వెళ్లింది. రాతి నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. కొంగుతో ఆ కళ్ల మీది దుమ్ము తుడిచింది.

"చూస్తన్నాడు," అంది.

అని ఏడ్చింది. తంతి వచ్చిన రోజు నుంచి ఆమె లోపల ఆగిపోయి ఉన్నదంతా అక్కడ బయటికి వచ్చింది. ఆడవాళ్లం పట్టుకొన్నా ఆగలేదు. ఆ రాతి ముఖం రెండు చేతులతో నిమిరి, ఆ చేతులు తన కళ్లకు అద్దుకొంది.

కళ్లకద్దుకోవడం మన చేతులకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. అన్నం మెతుకు తొక్కితే కళ్లకద్దుకొంటాం, పుస్తకం కాలికి తగిలితే కళ్లకద్దుకొంటాం. కాని కళ్లున్న రాతిని అమ్మ కళ్లకద్దుకోవడం నాయన చూశాడు. ఆ క్షణంలో ఆయనకు ఏ ఇల్లు, ఏ రాయి, ఏ వెండి కళ్లు కనపడ్డాయో మా అందరికీ తెలుసు. ఆయన నోటితోనే ఎన్నోసార్లు విన్నాం.

ముసలాయన దగ్గరికి వెళ్లి, అక్కడ ఉండేవి అద్దాలని, ఆ కళ్లు తీసేసి నున్నగా చెయ్యమని బతిమాలినట్టు అడిగాడు. ముసలాయన చాలా బాధపడ్డాడు. అద్దాలని ముందే తెలిస్తే అద్దాలే చెక్కేవాణ్ణి అన్నాడు. ఇప్పుడు మాత్రం తన వల్ల కాదన్నాడు.

"తెరిచిన కళ్లు నేను పొడవనయ్యా. మా చేతులకు అది లేదు. ఉలి ఇదిగో. మీ ఇష్టం." ఉలినీ సుత్తినీ రాతి పక్కన పెట్టి, బండి దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

నాయన అమ్మ వైపు చూశాడు. "నేను దీన్ని ఇట్టా ఉంచలేను," అన్నాడు. ఆయన గొంతు ఉపదేశి గొంతు కాదు.

అమ్మ ఏడుపు దిగమింగుకొంది. "అద్దాలనే అన్నాడు వాడు. కళ్లని నేనే అన్నాను. కానియ్యి," అంది.

నాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ప్రార్థనకు కూర్చున్నట్టే ఉంది. ఎడమ కన్ను చిన్న చిన్న దెబ్బలతో పోయింది, దాని చోట తెల్లటి గరుకు మచ్చ మిగిలింది. కుడి కంటి మీద ఉలి పెట్టి కొట్టాడు. మా పల్నాడు రాయి పొరలు పొరలుగా ఉంటుంది. చప్పుడు పెద్దగా కాలేదు. నుదుటి దగ్గర నుంచి ఒక పొర లేచి, ముక్కునూ, ఆ పక్క రెక్క బయటి సగాన్నీ తీసుకొని కింద పడింది. పైకి లేచిన ఆ చివరి భాగమే పోయింది.

నాయన చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. ఆడవాళ్లలో ఒకరు ప్రభువా అన్నారు. అమ్మ వంగి ఆ ముక్కను తీసి, మట్టి దులిపి ఒళ్లో పెట్టుకొంది.

"వాడి విమానం కూడా ఇట్టాగే విరిగుంటదిలే," అంది. కోపంగా అనలేదు. నాయనను ఓదార్చడానికే అంది. ఆ ఓదార్పుతో నాయన నేల మీద కూలబడిపోయాడు.

ముసలాయన వచ్చి చూశాడు. ఇంకో రాయి చెక్కి తెస్తానని, ఈసారి అద్దాలే పెడతానని అన్నాడు. అమ్మ వద్దంది. ఇదే నిలబెట్టమంది. మగవాళ్లు గుంట తవ్వి రాయి నిలబెట్టారు. ప్రార్థన చెయ్యాలి. నాయన లేచి నిలబడి, చేతులెత్తబోయాడు. సగం దాకా లేచి ఆగిపోయాయి. సంఘమంతా కళ్లు మూసుకొని ఎదురుచూస్తూ ఉంది.

అప్పుడు అమ్మ గొంతు వినపడింది. కూడికలో ఆమె పైకి ప్రార్థన చేయడం నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

"ప్రభువా, వాడు పడేటప్పుడు నేను చూళ్లేదు. నువ్వు చూశావు. వాడి కళ్లు మూసేదానికి నేను ఆడ లేను. నువ్వే మూసుంటావు. నాకు అది చాలనిపించేట్టు చెయ్యి. ఈయన్ని కూడా ఓదార్చు."

మేం ఆమెన్ అన్నాం.

మర్నాడు తెల్లవారుజామున అమ్మ అందరితో కలిసి ఆ రాతి ముందు కొవ్వొత్తి వెలిగించింది, ఆ తరవాత గుడికి వచ్చింది. అప్పటి నుంచి వస్తూనే ఉంది. పాట మధ్యలో పైన విమానం మోత వినపడితే పాడడం ఆపేసేది. మోత దూరమయ్యాక అందరూ ఎక్కడున్నారో అక్కడ మళ్లీ అందుకొనేది. నాయన ఎప్పటిలాగే వాక్యం చెప్పాడు, ఎప్పటిలాగే బాప్తిస్మాలకు మనుషులను సిద్ధం చేశాడు. తన సాక్ష్యం మాత్రం కొంచెం మారింది. అమ్మవారి రాయిని పగలగొట్టిన సంగతి చెప్పడం మానేశాడు. నమ్ముకొన్నాను, నన్ను కన్న తల్లి ఆ రోజు అన్నం తినలేదు, అని మాత్రమే చెప్పేవాడు.

నాయన చేసింది తప్పని నేను అనలేను. ఆయన నమ్మిన ఆజ్ఞనే నేనూ నమ్ముతున్నాను. అమ్మ చేసింది పాపమని కూడా నా నోరు అనదు. తీర్పు నాది కాదు. నాకు తెలిసింది ఇంతే. అందమైనదాన్ని చూసి మా అన్న దేవునికి వందనాలు చెప్పాడు. అదే అందం మా అమ్మకు ఏడవడానికి చోటు ఇచ్చింది, మా నాయనకు మానని గాయమూ ఇచ్చింది. ఇప్పటికీ విమానం ఏదైనా తల మీదుగా వెళితే నేను దాని రెక్క చివర కోసం చూస్తాను. వందనాలు చెబుతాను. వెంటనే గుండె బరువవుతుంది. రెండూ ఒక్కసారే జరుగుతాయి, విడదీయడం నాకు చేత కావడం లేదు.

ఇది చదివిన మీరు ఏ ఊరివారైనా సరే, కాసేపు పుస్తకం పక్కన పెట్టి నాతో తల వంచండి. సమాధి లేని బిడ్డలను కన్న తల్లుల కోసం అడుగుదాం. సరైనదే చేసి చేతులు విరిగినట్టు కూర్చున్న తండ్రుల కోసం అడుగుదాం. కొండల మీద, సముద్రాల మీద పడిపోయి ఎవరికీ దొరకని వాళ్లను, పడిన చోటనే దాచుకోమని ఆయనను అడుగుదాం. నా మాట చాలకపోతే మీ మాట కలపండి. ఆమెన్.